ముందు ఒంటెను కట్టెయ్ భాయ్

పోయిన పత్తి సీజన్‌లో మా మహల్లా నుంచి ఒక జనాజా లేచింది. పంతొమ్మిదేళ్ల పిల్లోడు. మగ్రిబ్ దాటినాక యెమ్మిగనూరు నుంచి ఆదోనికి బండి మీద వస్తూ, రోడ్డు వారన నిలబెట్టిన పత్తి ట్రాలీకి గుద్దుకున్నాడు. ట్రాలీకి వెనక లైటు లేదు. పిల్లోడి తల మీద హెల్మెట్ లేదు. అది ఇంట్లో బీరువా మీద ఉంది. షోరూములో ఇచ్చినప్పటి ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు.

ఖబరస్తాన్‌లో మూడు పిడికిళ్ల మట్టి వేసి చేతులు దులుపుకుంటుంటే, నా పక్కన నిలబడిన పెద్దమనిషి అన్నాడు: “క్యా కర్తే మాస్టర్, ఉస్కీ హయాత్ ఇత్నీచ్ థీ.” అందరూ తలలు ఊపారు. నేనూ ఊపాను. అలా ఊపినందుకు నా మీద నాకు వచ్చిన గుస్సాతోనే ఇది రాస్తున్నాను.

ఆ రాత్రి మా బీబీ ఒకే మాట అంది: “ఇంక బండి వద్దు.” ఇరవై రెండేళ్లుగా ఆదోని నుంచి యెమ్మిగనూరు బడికి బండి మీదనే పోయివస్తున్నాను. పోను ముప్ఫై, రాను ముప్ఫై కిలోమీటర్లు. వయసు యాభై దాటింది. రాత్రి పూట ఎదురు లైట్లకు కళ్లు చెదురుతున్నాయి. రెండేళ్ల కింద రోడ్డు మీద ఆరబోసిన జొన్నల మీద జారి పడి భుజం విరగ్గొట్టుకున్నాను. అయినా వదల్లేదు. ఈసారి నలుగురు దోస్తుల్ని మష్వరా అడిగాను. నాలుగు రకాల జవాబులు వచ్చాయి. ఆ జవాబులతోనే నా ఝగడా.

మొదటిది తఖ్దీర్ జవాబు. “మౌత్ రాసి ఉంటే ఇంట్లో మంచం మీద ఉన్నా వస్తుంది, బస్సులో పోయినా వస్తుంది.” మాట నిజమే. మౌత్ టైము అల్లాకే తెలుసు, అందులో నాకు షక్ లేదు. కానీ ఈ మాట అన్న దోస్తు రాత్రి దుకాణం షట్టర్‌కు రెండు తాళాలు వేస్తాడు. పొద్దున్నే బీపీ గోళీ మింగుతాడు. పత్తి రేటు పడుతుందంటే గోడౌనులో దాచి పెడతాడు. రిజ్ఖ్ రాసినవాడూ అల్లాయే కదా, మరి అక్కడ తఖ్దీర్ మీద భరోసా ఏమైంది? బండి ఎక్కినప్పుడే, అదీ హెల్మెట్ బరువనిపించినప్పుడే మనకు తవక్కల్ గుర్తొస్తుంది.

ఒంటెను కట్టేసి తవక్కల్ చేయాలా, వదిలేసి చేయాలా అని ఒకాయన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లంను అడిగిన కిస్సా తిర్మిజీ షరీఫ్‌లో ఉంది. ముందు కట్టెయ్, తర్వాత తవక్కల్ చెయ్ అన్నది జవాబు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు షామ్‌కు పోతూ, అక్కడ ప్లేగు ఉందని తెలిసి దారిలోనే లష్కర్‌ను వెనక్కి తిప్పారు. అల్లా తఖ్దీర్ నుంచి పారిపోతున్నావా అని అబూ ఉబైదా అడిగితే, అవును, అల్లా రాసిన ఒక తఖ్దీర్ నుంచి అల్లా రాసిన ఇంకో తఖ్దీర్‌లోకే పోతున్నాను అన్నారు. ఉమర్ గారి ఈమాన్ కంటే మన ఈమాన్ గట్టిదా? మీ చేతులతో మిమ్మల్ని హలాక్‌లో పడేసుకోవద్దని సూరె బఖరాలో హుకుం ఉంది. మనం జనాజా దగ్గర చెప్పుకునే తఖ్దీర్ బండి తాళం ఇచ్చిన బాపును, లైటు పెట్టని ట్రాలీవాడిని, రోడ్డును పట్టించుకోని సర్కారును, అందరినీ ఒకేసారి మాఫ్ చేసేస్తుంది. అట్లా మాఫ్ చేసే హఖ్ మనకెవరిచ్చారు?

రెండోది ఇజ్జత్ జవాబు. “మాస్టరువై ఉండి పల్లెవెలుగులో వేలాడుతూ పోతావా?” ఈ ఇజ్జత్ ఎక్కడ మొదలవుతుందో మనకందరికీ తెలుసు. నిఖా మాటల దగ్గర. జహేజ్ హరామ్ అని మింబర్ మీద వింటాం, కిందకు దిగినాక “పిల్లోడికి బండి అడుగుతున్నారు” అంటాం. ఆడపిల్ల బాపు వడ్డీకి తెచ్చి బుల్లెట్టో పల్సరో కొనిస్తాడు. దానికి పూలదండ వేస్తారు, నిమ్మకాయ కడతారు, ఫోటో తీస్తారు. ఆ ఫోటోలో హెల్మెట్ నేనింతవరకూ చూడలేదు. పెండ్లైన మూడో నెలకు ఆ పిల్ల బురఖాతో వెనక ఒకపక్కకు కూచుంటుంది. కొంగు, బురఖా చక్రంలో చిక్కకుండా వెనక చక్రం సగం వరకైనా కప్పి ఉండాలని సెంట్రల్ మోటారు వాహనాల రూల్స్‌లో 123వ రూలు చెబుతుంది. మన పిల్లలు షౌక్ కోసం మొదట పీకి పారేసేది ఆ గార్డునే.

ఇంక మీసం రాని పిల్లల సంగతి. తొమ్మిదో తరగతి పిల్లోడు ముగ్గురిని ఎక్కించుకుని బడికి వస్తాడు. బాపును పిలిచి అడిగితే “మా వాడు బాగా నడుపుతాడు సార్” అని ఫఖర్‌గా నవ్వుతాడు. 2019లో మారిన చట్టం ప్రకారం మైనర్‌కు బండిచ్చిన తల్లిదండ్రులకు 25,000 రూపాయల జుర్మానా, మూడేళ్ల వరకు జైలు. షబె బరాత్ రాత్రి ఇబాదత్ కోసం మేల్కొమ్మంటే, సైలెన్సర్ తీసేసి రోడ్ల మీద రేసులు పెడుతున్నది ఎవరి ఔలాద్? ఆ రాత్రులు హైదరాబాదులో ఫ్లైఓవర్లు మూసేయాల్సి వస్తోంది. సిగ్గు పడాల్సింది అక్కడ. పల్లెవెలుగులో నిలబడి పోతే ఎవరి ఇజ్జతూ పోదు.

మూడో దోస్తు “నా జాన్, నా మర్జీ” అన్నాడు. 2025 అక్టోబర్ 24న తెల్లవారుజామున మన కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో మరిచిపోయాడు. తాగి నడిపిన ఒకతను బండి మీద నుంచి పడి చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బండి మీదికి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు ఎక్కింది. మంటలు లేచి, నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. రోడ్డెక్కినాక నా జాన్ నా ఒక్కడిది కాదు.

నాలుగో జవాబు ఇచ్చింది మా తమ్ముడు. దానికి మాత్రం నా దగ్గర తోడ్ లేదు. యెమ్మిగనూరులో దుప్పట్లు, టవళ్లు ఎత్తుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. “నువ్వు వదిలేయగలవు భయ్యా, ఒకటో తారీఖు నీకు తన్ఖా పడుతుంది. నేను వదిలేస్తే పొయ్యి వెలగదు. నేను పోయే ఊళ్లకు పొద్దున ఒక బస్సు, మాపు ఒక బస్సు.” నిజం. ఆదోనికి రైలుంది, యెమ్మిగనూరుకు లేదు. వానల్లేని ఏడు సుగ్గికి పోయే జనం మనది. ఇట్లాంటి ఇలాఖాలో బండి షౌక్ కాదు, మజ్‌బూరీ. బండి వదిలేయండి అని పేదవాడికి వాజ్ చెప్పడం జుల్మ్. నేను చెప్పను. వదలగలిగినవాళ్లతోనే నా మాట.

పైగా జాగ్రత్తగా నడిపినా పోతున్నారు. 2025 మార్చి 4న ఆదోని మండలం పాండవగల్లు దగ్గర ఒక బస్సు రెండు బైకుల్ని కొట్టింది. ఐదుగురు చనిపోయారు, అందులో భార్యాభర్తలూ ఉన్నారు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది టూవీలర్ల మీద పోయేవాళ్లు. అంటే వందకు నలభై నాలుగు మందికి పైనే. ఆ ఏడాది హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని సర్కారు లెక్కే చెబుతోంది. వేరు వేరు దేశాల పరిశోధనలన్నీ కలిపి చూసిన డాక్టర్లు, హెల్మెట్ ఉంటే మౌత్ ఖత్రా 42 శాతం, తలకు దెబ్బ తగిలే ఖత్రా 69 శాతం తగ్గుతుందన్నారు. నూటికి నూరు కాదు. లోహపు బస్సు ముందు హెల్మెట్ అంతా కాపాడదు. కానీ ప్లాస్టిక్ కవర్‌తో బీరువా మీద పెట్టిన హెల్మెట్ అసలే కాపాడదు.

తలకు దెబ్బ తగిలినవాడిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటారు. ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. ఆదోనికి మంజూరైన మెడికల్ కాలేజీ పూర్తి కాకముందే 2025లో దాన్ని ప్రైవేటు భాగస్వామ్యంలోకి ఇస్తామన్నారు. ఇక్కడ బండి మీద పడటం అంటే వంద కిలోమీటర్ల దూరంలో పడటమే.

ఇక నా ఫైసలా. బండి అమ్మలేదు. ఊళ్లో కూరగాయలకు, మస్జిద్‌కు, హెల్మెట్ పెట్టుకుని నడుపుతాను. మహల్లాలో పిల్లలు “మాస్టర్ చాంద్ మీదికి పోతున్నాడు” అని నవ్వుతారు, నవ్వనీ. యెమ్మిగనూరు రోడ్డు మీద మాత్రం బండి బంద్. ఫజర్ కాగానే బస్టాండ్‌కు నడుస్తాను. బస్సు చార్జీకీ పెట్రోలుకూ పెద్ద ఫరక్ లేదు. ఫరక్ అంతా టైముది. రోజుకు గంటన్నర ఎక్కువ పోతుంది. అసర్ నమాజ్ చాలా రోజులు బస్టాండ్ మూలలోనే. నిజం చెప్పాలంటే పొద్దుటి పూట ముఖానికి కొట్టే ఆ చల్లగాలి, నా ఇష్టం వచ్చినచోట ఆగి చాయ్ తాగే ఆజాదీ గుర్తొచ్చి దిల్ గుంజుతుంది.

బస్సులో నిలబడినప్పుడు ఇంకో గొణుగుడు వింటున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఫ్రీ అయ్యాక సీటు దొరకడం లేదని మగవాళ్ల షికాయత్. ఆ సీట్లో కూచున్న ఖాలా మొన్నటిదాకా ఆటోలో పద్నాలుగో మనిషిగా వేలాడి పోయేది. లేదంటే కొడుకు బండి మీద ముగ్గురిలో ఒకతెగా. ఆమె సేఫ్‌గా కూచుంటే మనకు కడుపుమంట ఎందుకు? ఇంకో నాలుగు బస్సులు వేయమని డిపో ముందు నిలబడదాం రండి.

మస్జిద్ కమిటీ పెద్దలకు కూడా ఒక గుజారిష్. ఏడాదిలో ఒక్క జుమ్మా ఖుత్బా ముందు బయాన్‌లో రోడ్డు గురించి మాట్లాడించండి. దారిలో అడ్డమున్నదాన్ని తీసేయడం ఈమాన్‌లో ఒక భాగమని పిల్లలకు మదరసాలో నేర్పుతాం కదా. లైటు లేని ట్రాలీ కంటే పెద్ద అడ్డం ఏముంది? మైనర్ పిల్లలకు తాళాలిచ్చే బాపులను ఆ బయాన్‌లోనే అడగండి.

నేనూ ఇద్దరు దోస్తులూ చందా వేసుకుని ఎర్ర రేడియం స్టిక్కర్లు కొన్నాం. పిల్లోడి పేరు మీద ఈసాలె సవాబ్ అనుకున్నాం. పోయిన ఆదివారం పత్తి యార్డుకు పోయే దారిలో నిలబడి ట్రాలీల వెనక అతికించాం. మొదటి రైతు అనుమానంగా చూశాడు.

“దుడ్లు ఎంత సార్?”

“దుడ్లేం వద్దులేప్పా.”

“మరి ఏ పార్టీ మీది?”

నవ్వు ఆపుకుని జరిగింది చెప్పాను. ఆయన దిగి వచ్చి, ట్రాలీ వెనక దుమ్ము తన టవల్‌తో తుడిచాడు. దుమ్ము మీద స్టిక్కరు నిలవదట. “కింద కూడా ఒకటి వెయ్యి సార్, బస్తాలేస్తే పైది కనపడదు” అన్నాడు. వేశాం. సాయంత్రానికి స్టిక్కర్లు అయిపోయాయి, ట్రాలీలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. రాగలిగినవాళ్లు పొద్దున ఎనిమిదికి రండి. పాత గుడ్డ ఒకటి తెచ్చుకోండి, దుమ్ము తుడవడానికి.