కొండ మీద ఇల్లు... కాగితం ఏదీ?

అరకు వెళ్లొచ్చిన ఏ కుటుంబాన్నయినా కదిపి చూడండి. బొర్రా గుహల గురించి రెండు ముక్కలు, బొంగు చికెన్ గురించి నాలుగు ముక్కలు చెప్పాక ఈ మాట వచ్చి తీరుతుంది: 'అక్కడో రెండు గదుల ఇల్లుంటే ఎంత బాగుణ్ణు!' నవంబరులో వలిసె పూలు విరగబూసి, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు కనిపిస్తుంటే ఎవరికైనా ఆ ఆశ పుడుతుంది. పుట్టడం తప్పేం కాదు. ఆశ పుట్టిన పావుగంటకే పక్కన బ్రోకరు కూడా పుట్టుకొస్తాడు చూడండీ, చిక్కంతా అక్కడే.

'రోడ్డు పక్కనే పది సెంట్లు సార్. పంచాయతీకి ఇంటిపన్ను కట్టిన రశీదుంది. కరెంటు మీటరుంది. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయిస్తాం. రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉండదు. ఇక్కడందరూ ఇలాగే కొంటారు సార్!'

పందిరుంది, పీటలున్నాయి, బాజాభజంత్రీలున్నాయి... పెళ్లికొడుకు ఒక్కడే లేడన్నట్టుంది కదూ! కానీ రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బును ఈ మాట నమ్మి పోసినవాళ్లు ఉన్నారు. పోయాక ఎవరికీ చెప్పుకోలేరు. ఎందుకంటే వాళ్లు కొన్నది చట్టం దృష్టిలో అసలు కొనుగోలే కాదు.

అందరూ ఆడిపోసుకునే ఆ చట్టం పేరు వన్ ఆఫ్ సెవెంటీ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ ఇది. దీన్నే '1/70' అని రాస్తారు. అరకు, పాడేరు, చింతపల్లి, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు... రెండు తెలుగు రాష్ట్రాల్లోని షెడ్యూల్డ్ ప్రాంతాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. అక్కడి స్థిరాస్తిని గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదు. అమ్మకమే కాదు, తనఖా, లీజు, దానం, మార్పిడి... ఏ పేరుతో చేతులు మారినా చెల్లదు. 'తొంభై తొమ్మిదేళ్ల లీజు రాయిస్తాం' అనే మాటకు విలువెంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

చాలామంది బోల్తా పడే చోటు ఇంకొకటుంది. 'మేం గిరిజనుల దగ్గర కొనడం లేదండీ, ఎప్పట్నుంచో అక్కడున్న వ్యాపారి ఇల్లు కొంటున్నాం' అంటారు. 1970 ఫిబ్రవరి నుంచి ఆ దారి కూడా మూసేశారు. అమ్మేది ఎవరైనా సరే, కొనేది గిరిజనుడో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో అయ్యుండాలి. కొనడానికి గిరిజనులెవరూ ముందుకు రాకపోతే ఆ ఆస్తిని ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవచ్చు. అంతేగానీ మైదానం నుంచి వచ్చిన మనకు అమ్మే వీలు మాత్రం లేదు. పైగా అక్కడ గిరిజనేతరుల చేతిలో భూమి కనిపిస్తే, అది గిరిజనుల దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన పూచీ ఉన్నవాడిదే. ఈ సవరణ చెల్లదంటూ కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో కోర్టు అది చెల్లుతుందనే తేల్చింది.

ఇక బినామీ. గిరిజనుడి పేరు మీద కొని, అనుభవించేది మనం. చాలా తెలివైన ఉపాయంలా కనిపిస్తుంది. రేపు ఆ పేరున్న మనిషి 'ఇది నాది' అంటే మీ చేతిలో ఉండేదేమిటి? కోర్టుకు వెళ్లి 'నేను చట్టాన్ని తప్పించుకోవడానికి ఇలా చేశాను' అని మీరే వాంగ్మూలం ఇవ్వాలి! ఇంటి పనిమనిషినో, డ్రైవర్నో ఇందుకు వాడుకునేవాళ్లున్నారు. ఆస్తి కోసమే గిరిజన యువతిని పెళ్లాడి, ఆమె పేరిట భూములు పోగేసిన ఘనులూ ఉన్నారు. ఆ కథలు ఆదివారం పూట చదివేవి కావు, వదిలేద్దాం.

ఎందుకింత పట్టుదల?

'సొంత దేశంలో నచ్చినచోట ఇల్లు కట్టుకోకూడదా?' అని కోపమొస్తుంది. నిజమే, వస్తుంది. అయితే ఈ కట్టడి నిన్నమొన్నటిది కాదు. మైదానం వ్యాపారులు ఉప్పు, పొగాకు, బట్ట అరువిచ్చి, బాకీ కింద కొండవాళ్ల పొలాలు రాయించుకుంటుంటే, మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల మీద చట్టం చేసింది. చేసింది తెల్లదొరలేనండీ! వాళ్లకేదో గిరిజనుల మీద ప్రేమ పొంగిందని కాదు, భూమి పోయినచోట తిరుగుబాటు లేస్తుందని వాళ్లకు అనుభవం.

ఈ రోజుకీ లెక్క పెద్దగా మారలేదు. కొండవాలులో ఎకరం రెండెకరాలున్న కుటుంబం సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ వేస్తుంది. అదే చెట్టుకు మిరియాల తీగ పాకిస్తుంది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ తోటలో నాలుగో వంతు మీ విడిది కోసం పోయిందనుకోండి. చేతికొచ్చిన నగదు ఓ పెళ్లికో, ఆస్పత్రికో, మోటారుసైకిలుకో ఖర్చయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంటి యజమాని ఏం చేస్తాడు? మీ ఇంటికి వాచ్‌మన్‌గా కుదురుతాడు. నెలకు ఇంతని మీరే జీతం ఇస్తారు, తాత తవ్విన నేల మీద నిలబడినందుకు. మంచి మనసుతో ఇచ్చినా సరే, అది జీతమే.

అంతెందుకు, సాక్షాత్తూ ప్రభుత్వానికే ఈ నిబంధన అడ్డొచ్చింది. బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనులకిచ్చిన లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకివ్వకూడదని చెప్పింది. సర్కారుకే కుదరనిది మన స్టాంపు కాగితానికి కుదురుతుందా!

మిగతా కొండల మాటేమిటంటారా? ఊటీ చరిత్ర మొదలైందే ఓ ఇంటితో. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1820ల్లో అక్కడ రాతి ఇల్లు కట్టుకున్నాడు. తోడాల దగ్గర ఎకరా రూపాయి చొప్పున భూమి కొన్నాడని చెబుతారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణలో. ఆ తర్వాత ఎంతమంది ఎగబడ్డారంటే, రెండు వందల ఏళ్లకు, 2024 మే నుంచి, ఊటీ కొండెక్కే బయటి బండ్లకు ఈ-పాస్ పెట్టమని మద్రాసు హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మన మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండకు హార్స్‌లీ హిల్స్ అని పేరొచ్చింది కూడా ఇలాంటి కలెక్టరు దొర ఇంటి వల్లే. ఇక హిమాచల్‌ప్రదేశ్‌లో 1972 నాటి చట్టం 118వ సెక్షన్ ఉంది. అక్కడి రైతు కానివారు భూమి కొనాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. కొండ రాష్ట్రాల్లో దాదాపు ఎక్కడికెళ్లినా ఏదో ఒక తాళం ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే దాని గురించి అడగాలి.

తాళం లేనిచోట నేల సంగతి చూసుకోవాలి. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పాత కొండచరియల మట్టి మీద ఉందనీ, బరువైన కట్టడాలు వద్దనీ 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. 2023 జనవరిలో ఇళ్ల గోడలు పగిలాయి. పన్నెండు రోజుల్లో 5.4 సెంటీమీటర్లు నేల కుంగిందని ఇస్రో ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. 2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో ఏం జరిగిందో మనమంతా టీవీల్లో చూశాం. అందుకే వాలు మీద ఇల్లు చూసేటప్పుడు కిటికీలోంచి కనిపించే దృశ్యం కంటే ముందు ఇంటి వెనక్కి వెళ్లండి. కొండను నిలువుగా కోసి చదును చేశారా? కోసినచోట అడ్డుగోడ ఉందా? ఆ గోడకు నీళ్లు కారిపోయే రంధ్రాలున్నాయా? వాన నీరు ఎటు పోతోంది? చెట్లు, స్తంభాలు వాలువైపు వంగి ఉన్నాయా? వీటికి జవాబు సరిగా లేకపోతే దృశ్యం ఎంత బాగున్నా తిరిగొచ్చేయడమే.

ఉండటం వేరే సంగతి

రెండు రోజులుండి రావడం వేరు, కాపురం వేరు. వానాకాలంలో ఉతికిన బట్ట ఆరదు. పుస్తకాలకు, చెప్పులకు, పట్టుచీరలకు బూజు పడుతుంది. ఊరగాయ జాడీకైతే కాపలా కాయాల్సిందే. అరకు సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది. కుక్కరు మర్చిపోయి వెళ్లిన ఇల్లాలికి తెలుస్తుంది ఆ తేడా. కొండ కదా అని నీళ్లకు లోటుండదనుకుంటాం. ఊట నీటి మీద బతికే ఊళ్లు వేసవి వస్తే బిందె పట్టుకుని దూరం నడుస్తాయి.

అన్నిటికంటే అసలైనది ఆస్పత్రి. రిటైరయ్యాక కొండ మీద ప్రశాంతంగా ఉందామనుకునేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. రాత్రి పదకొండుకు గుండెల్లో నొప్పి మొదలైందనుకోండి. పెద్ద వైద్యం విశాఖలో ఉంది. నూట పదిహేను కిలోమీటర్లు, అందులో అనంతగిరి ఘాట్ మలుపులు, ఎదురుగా పొగమంచు. లోపలి ఊళ్ల గిరిజనులైతే ముందు డోలీలో రోడ్డు దాకా రావాలి, ఆ తర్వాత ఈ ప్రయాణం. మనం పది రోజులు ముచ్చటపడే పొగమంచు వాళ్లకు ఏడాదికి ఎన్ని నెలలో!

కొండగాలి కావాల్సిందే అనేవాళ్లకు దారి లేకపోలేదు. అరకులో పర్యాటక శాఖ అతిథి గృహాలున్నాయి. గిరిజన కుటుంబాలే గదులు చూపించి భోజనం పెట్టే ఇళ్లూ ఉన్నాయి. అద్దె ఇచ్చి వారం ఉండొచ్చు, ఆ డబ్బు ఇంటివాళ్లకే చేరుతుంది. లేదు, సొంతమే కావాలంటే కొండ దిగండి. శృంగవరపుకోట వైపు మైదానంలో ఈ నిబంధన వర్తించని ఊళ్లున్నాయి. అక్కడ కూడా తొందర పడొద్దు. మీకు చూపిస్తున్న సర్వే నంబరు షెడ్యూల్డ్ గ్రామంలోకి వస్తుందో రాదో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. పేదలకిచ్చిన డీ పట్టా భూమి అయితే 1977 చట్టం ఉంది. సబ్‌రిజిస్ట్రారు దగ్గర నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22-ఏ చూసుకోండి. ఈసీ తీయించండి. ఈ మూడూ చూసేదాకా ఆగమంటే బ్రోకరు విసుక్కుంటాడు. 'ఇవాళ సాయంత్రానికి వేరే పార్టీ వస్తోంది సార్' అంటాడు. రానివ్వండి.