చివరి బండి

ఏటా మన సంచికలో ఒక విహారయాత్రా వ్యాసం ఉండటం ఆనవాయితీ. తెల్లవారుజామున మంచుతెరలతో మొదలై, సాయంత్రం బరువెక్కిన హృదయాలతో ముగుస్తుంది. ఈసారి ఆ పని నాకు అప్పగించారు. రాస్తాను గానీ, ఇందులో మంచుతెరలు తక్కువ, ఫిర్యాదు ఎక్కువ అని ముందే మనవి చేసుకుంటున్నాను. ఫిర్యాదు ఎవరి మీదంటారా? మొట్టమొదట నా మీదే.

2024 నవంబరు చివరి ఆదివారం. విశాఖ నుంచి అరకు లోయకి తొమ్మిది మోటారు సైకిళ్ళు, పదిహేడు మందిమి. కార్యక్రమం ఏమిటంటే, మధ్యాహ్నానికి లోయ చేరి, ఏదో ఒక చెట్టుకింద బొంగు చికెన్ తిని, రాత్రికి హాస్టలుకి వచ్చెయ్యటం. పోను 115 కిలోమీటర్లు, రాను 115. ఒక పూట భోజనానికి 230 కిలోమీటర్లు! మా అమ్మకు చెబితే, "ఏం, ఇంట్లో అన్నం లేదా?" అంటుంది. అందుకే చెప్పలేదు.

నాన్నకు మాత్రం చెప్పాను. అబద్ధం చెప్పాను. మాది చోడవరం దగ్గర పల్లె. చెరకు, కొంచెం వరి, రెండు గేదెలు. ఇంట్లో ఉన్నది ఒకే బండి, పాత హీరో హోండా. దాని మీదే పాలక్యాన్లు కేంద్రానికి వెళతాయి, దాని మీదే యూరియా బస్తా ఇంటికొస్తుంది. "ఆదివారం కూడా ప్రాక్టికల్స్ పెట్టారు, బస్సులు దొరకటం లేదు" అన్నాను. నాన్న ఇంకో మాట అడగలేదు. చైనుకి నూనె పెట్టి, టైర్లో గాలి నొక్కి చూసి తాళం ఇచ్చాడు. మర్నాడు పాలు సైకిలు మీద వెళ్ళాయి.

మా బృందంలో అందరికంటే ముందు 350 సీసీ బండి. దాని వెనక 200, తర్వాత 160, 150. అట్టడుగున నా నూరు సీసీ, వెనక సీట్లో బోటనీ మిత్రుడు. ఇలా ఇంజను పరిమాణాన్ని బట్టి వరస పెట్టమని ఎవరూ అనలేదు. దానంతట అదే ఏర్పడింది. ఊళ్ళో కులాల పేటలు ఏర్పడ్డట్టే అనుకోండి.

పెందుర్తి దాకా కలిసే వెళ్ళాం. కొత్తవలస జంక్షన్ లో లారీలు అడ్డుపడి వరస తెగింది. ముందున్న ఆరు బండ్లు దాటిపోయాయి, మేం వెనకబడ్డాం. సైన్సు విద్యార్థులం గనక ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. ముందు బండి గంటకు 50 కిలోమీటర్ల మీద, ఎంతో బుద్ధిగా వెళుతోందనే అనుకోండి. వెనకవాడు ఒక కిలోమీటరు వెనకబడ్డాడు. అతను అందుకోవాలంటే 70 లో పోవాలి. పోయినా మూడు నిమిషాలు పడుతుంది, ఆ మూడు నిమిషాల్లో మూడున్నర కిలోమీటర్లు ప్రాణం ఉగ్గబట్టుకుని పరిగెత్తాలి. అంటే ముందువాడి బుద్ధిమంతనం వెనకవాడికి చేరేసరికి తొందరగా మారిపోతుంది. ప్రతి సెంటర్లోనూ, ప్రతి సంత దగ్గరా ఇదే తంతు. గుంపులో అందరికంటే వేగంగా పోవలసి వచ్చేవాడు ముందున్న వీరుడు కాదు, అందరికంటే బలహీనమైన బండి మీద ఉన్న చివరివాడు. ఈ సంగతి నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు.

శృంగవరపుకోట దాటాక, ఇంకా ఘాట్ మొదలుకాక ముందే, ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు సగం మేర చోడి వెన్నులు పరిచి ఉన్నాయి. వచ్చేపోయే బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని అలా పరుస్తారు. అంచున బెత్తెడేసి రాళ్ళు. నేను 70 మీద ఉన్నాను. ఎదురుగా బస్సు.

60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కంటికి కనపడింది చేతికి తెలిసేలోగా ఒక సెకను, అంటే ఆ 17 మీటర్లు అప్పుడే అయిపోయాయి. తర్వాత గట్టిగా బ్రేకు పట్టినా, పొడి తారురోడ్డు మీద ఇంకో 20 మీటర్లు. మొత్తం 37. వేగం 80 అయితే 58. ఇదంతా పొడి తారురోడ్డు మాట. రాలిన చోడి గింజల మీద ఎంతో నేను కట్టలేను. ఆ గింజ ఆవగింజంత ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది. రోడ్డు మీద బాల్ బేరింగులు పోసినట్టే. బండి పక్కకి పడుకుంది, మేమిద్దరం చెరో వైపు జారాం. నాకు మోకాలు చీరుకుంది. బోటనీ మిత్రుడికి ఎడమ మణికట్టు విరిగింది. అతని హెల్మెట్ ఎక్కడుందో చెప్పనా? మోచేతికి వేలాడుతోంది! వెనక కూర్చున్నవాడు కూడా పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతూనే ఉంది. మేం మోచేతిని కాపాడుకున్నాం.

మేం పడ్డట్టు మా వాళ్ళెవరికీ తెలియదు. చివరి బండి గదా, వెనక చూసేవాడెవరు? బస్సు ఆగింది, రెండు మాటలు అడిగి వెళ్ళిపోయింది. మమ్మల్ని లేపింది ఆ చోళ్ళు పరిచిన ముసలాయన.

"ఏటి బాబూ, ఇలగ పడిపోనారు? లెగండి, లెగండి. ఒలే, నీల్లట్రాయే!"

ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. మిత్రుడి చెయ్యి చూసి తన తువ్వాలు మెడకి ఉట్టిలా కట్టాడాయన. అప్పుడు ఆవిడ వెళ్ళి, బండి ఈడ్చుకుపోయిన దారిలో రోడ్డు పక్క మట్టిలో కలిసిన గింజల్ని రెండు చేతులతో కూడదీసి చేటలో వెయ్యటం మొదలెట్టింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

మా నాయకుడు, అంటే 350 సీసీ మిత్రుడు, అరగంటకు గానీ వెనక్కి రాలేదు. తైడా దగ్గర టీ తాగుతూ లెక్కపెట్టుకుంటే ఒక బండి తగ్గిందట. ఫోన్ చేద్దామంటే కొండల్లో సిగ్నలు లేదు. వస్తూనే విషయం కనుక్కుని ముసలాయన మీద విరుచుకుపడ్డాడు. "రోడ్డు మీ తాతదా? మనుషులు చచ్చిపోతే ఎవరు బాధ్యులు? చదువులేని మనుషులు!" అన్నాడు.

ముసలాయన తలొంచుకున్నాడు.

ఇక్కడ నా నేరం రాయాలి. మా ఊళ్ళో, మా ఇంటి ముందు రోడ్డు మీద, ప్రతి ఏడూ మా నాన్న ధాన్యం ఆరబోస్తాడు. రాళ్ళు పేర్చేది నేనే. ఇంటరు చదివేటప్పుడు పుస్తకం పట్టుకుని ఆ ధాన్యానికి కాపలా కూచున్నవాణ్ణి. కళ్ళం ఉన్న జాగాలో ఇప్పుడు ఇళ్ళు లేచాయి. మట్టి నేల మీద పోస్తే రాళ్ళూ బెడ్డలూ కలుస్తాయి, తేమ ఆరదు, తేమ ఉంటే కొనేవాడు ధర కొట్టేస్తాడు. తారురోడ్డు వేడెక్కినట్టు ఇంకేదీ వేడెక్కదు. ఇదంతా నాకు తెలుసు. మిత్రుడు "చదువులేని మనుషులు" అన్నప్పుడు ఇందులో ఒక్క ముక్కైనా చెప్పాలి గదా? చెప్పలేదు. మోకాలు ఊదుకుంటూ నిలబడ్డాను. నేను పల్లెటూరి వాణ్ణని వాళ్ళకి తెలుసు. అయినా అంత పల్లెటూరి వాణ్ణని తెలియటం ఇష్టం లేకపోయింది.

అందరం తలా కొంత వేసి అయిదు వందలు ఇవ్వబోయాం. ఆయన రెండు వందలు తీసుకుని, "సాల్లెండి. ముందా బాబుకి సెయ్యి కట్టించండి" అన్నాడు. ఎస్.కోటలో కట్టు కట్టించి ఇద్దరం బస్సులో వచ్చేశాం. మిగతా వాళ్ళు అరకు వెళ్ళి భోంచేశారు. బాగుందట.

ఈ వార్త కాలేజీలో పొక్కాక రెండు రకాల అభిప్రాయాలు వినిపించాయి. పెద్దలు కొందరు, ఇక మీదట విద్యార్థులు బండ్ల మీద గుంపుగా పోవటాన్ని నిషేధించాలన్నారు. మా వాళ్ళలో కొందరు, పడ్డవాడికి నడపటం రాదు, అంతే అన్నారు. రెండూ తప్పేనని నా వాదన. నిషేధిస్తే ఏమవుతుంది? నేను మా నాన్నతో చెప్పిన అబద్ధమే పదిహేడు మందీ చెబుతారు. ఇరవయ్యేళ్ళ వాళ్ళకి తోటివాళ్ళతో కలిసి కొండెక్కి తిందామనే కోరిక పాపమేమీ కాదు. ఇక నడపటం రాదన్న మాటకొస్తే, మా నాన్న పాలక్యాన్లు కట్టుకుని అదే బండి మీద పదిహేనేళ్ళుగా ఒక్కసారి పడలేదు. ఆయన్ని ఎవరూ తరమలేదు గనక!

కట్టు ఇంకా విప్పకుండానే, డిసెంబరు మూడో వారంలో మళ్ళీ బయల్దేరాం. ఈసారి నా షరతులు రెండు. ఒకటి, అందరికంటే నెమ్మది బండి ముందు, పెద్ద బండి చివర. రెండు, ఇళ్ళలో నిజం చెప్పాలి. మొదటిదానికి 350 మిత్రుడు మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఆ రోజు అరిచింది కూడా భయంతోనేనని ఇప్పుడనిపిస్తుంది. రెండోదానికి మాత్రం ఇద్దరు మానేశారు. నేను ఇంటికెళ్ళి నాన్నకి అంతా చెప్పాను. వంగిన హ్యాండిలు ఆయన ముందే చూశాడట. "ఆ కుర్రోడి చెయ్యి ఎలాగుంది?" అన్నాడు. బండి మాట చాలాసేపటికి గానీ ఎత్తలేదు. ఎత్తాక మాత్రం బాగానే తిట్టాడు. పాలకేంద్రానికి శెలవు లేదు గనక, ఆదివారానికి పెదనాన్న బండి అడిగి, నాది నాకిచ్చాడు.

బోటనీ మిత్రుడు కట్టుతోనే కిరండూల్ పాసింజరెక్కాడు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ లైను మీద సొరంగాలు దాటుకుంటూ, పల్లీలు తింటూ, మాకంటే ముందే అరకు చేరాడు! మేం ఘాట్ ఎక్కుతుంటే కాఫీతోటల మధ్య, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద, నా నూరు సీసీ బండి రెండో గేరులో మూలుగుతూ ముందు నడిచింది. వెనక అంతమంది వీరులు బుద్ధిగా వచ్చారు. ఆ రోజు నేను మొదటిసారి చుట్టూ చూశాను. అంతకుముందు ఎప్పుడూ ముందువాడి ఎర్రలైటు తప్ప చూసింది లేదు.

భోజనం సంగతి చెప్పకపోతే చదువరులు క్షమించరు. రోడ్డుపక్క పాకలో ఒకావిడ పచ్చి వెదురుబొంగుల్లో, ఉప్పూ కారం అల్లంవెల్లుల్లి పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పేర్చింది. నూనె చుక్క లేదు. పచ్చి బొంగులోని తేమే ఆవిరై ఉడికిస్తుంది. బొంగు పైన బొగ్గవుతున్నా లోపల మాంసం మాడకపోవటానికి కారణం కూడా ఆ తేమే. ముప్పావుగంట పట్టింది. మా వాళ్ళు ధర దగ్గర బేరం మొదలెట్టారు. "కొండెక్కి బొంగు నరుక్కు రావాలి బాబూ, ఒక బొంగు ఒక్కసారికే" అందావిడ. హోటల్లో బిల్లు మీద గీసిన అంకె కింద కిక్కురుమనకుండా పెట్టే చేతులు, పాక ముందు ఎందుకు బిగుసుకుంటాయో నాకు తెలీదు. అడ్డాకుల్లో వడ్డించింది. అయిదు నిమిషాల పాటు పదిహేను మందిలో ఒక్కడు మాట్లాడలేదు.

తిన్నాక పక్కనే వలిసె పొలం. లోయంతా పసుపు పరిచినట్టుంది. ఫొటోలకి లోపలికి వెళ్ళబోతే, గట్టు మీద కూచున్న కుర్రాడు మనిషికి ఇరవై రూపాయలన్నాడు. "పొలంలోకి వెళ్ళటానికి టిక్కెట్టా!" అని ఒకడు మండిపడ్డాడు.

ఈసారి నేను ఊరుకోలేదు. "అది పూలతోట కాదురా, నూనెగింజల పంట. నువ్వు తొక్కిన మొక్కకి గింజ ఉండదు. మా చెరకులోకి ఎవడైనా ఫొటోకని దూరితే మా నాన్న ఇరవై అడగడు, కర్ర తీస్తాడు" అన్నాను. తర్వాత, ఎందుకో ఆగలేక, ఆ చోళ్ళ సంగతి కూడా చెప్పేశాను. మా ఇంటి ముందు రోడ్డూ, రాళ్ళూ, కాపలా, అన్నీ. అందరూ ఒక్క క్షణం ఊరుకున్నారు. 350 మిత్రుడు, "అప్పుడే చెప్పొచ్చుగా గురువా" అన్నాడు. నిజమే. చెప్పొచ్చు.

తిరుగు దారిలో ఆ మలుపు దగ్గర ఆగాం. రోడ్డు ఖాళీగా ఉంది. ముసలాయన సంతకి పోయాడని ఎవరో చెప్పారు. ఉతికించి తెచ్చిన తువ్వాలు వాళ్ళ గుమ్మానికి తగిలించి వచ్చాం.

యూనియన్ వారికి నా మనవి ఒకటే. వచ్చే యాత్రకి కరపత్రం వేసేటప్పుడు, ఏం తింటామో రాసే చోట, ఎవరు ముందుంటారో కూడా రాయండి.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళితే నాన్న మా ముందు రోడ్డు మీద ధాన్యం పోస్తున్నాడు. నేను అలవాటు ప్రకారం రాళ్ళు పేర్చబోయి మానేశాను. రెండు వెదురుకర్రలకి ఎర్రగుడ్డలు కట్టి, అడుగులు కొలుచుకుంటూ అటూ ఇటూ నలభై మీటర్ల దూరంలో పాతాను. "అంత దూరం ఎందుకురా?" అన్నాడు నాన్న. ఆ 37 మీటర్ల లెక్క మట్టి మీద పుల్లతో గీసి చూపించాను. నాన్న కాసేపు చూసి, "మన రోడ్డు మీద అరవైలో ఎవడు పోతన్నాడ్రా? ఇంకో ఇరవై వెనక్కి జరుపు" అన్నాడు.