ర్యాంపు కట్టే ముందు కాగితం కట్టుకోండి

ఈసారి పంట సంగతి పక్కన పెట్టి ఇంటి సంగతి రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

తాటిచెట్టు మీంచి పడి నడుం పోయిన గీత కార్మికుడు, ట్రాక్టరు తిరగబడి కాళ్ళు పోయిన కుర్రాడు, పక్షవాతం వచ్చిన పెద్దాయన, చిన్నప్పుడే పోలియో సోకిన ఆడబిడ్డ. మన ఊళ్ళల్లో ఇలాంటివాళ్ళు లేని వీధి తక్కువ. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీతో ఇంటికి తెచ్చాక అప్పుడు కనబడతాయి మన ఇంటి మెట్లు, గడప, ఇరుకు తలుపులు. ఆ బాధలో మర్నాడే మేస్త్రిని పిలుస్తాం. నేను చెప్పేది ఒక్కటే: మేస్త్రి కంటే ముందు అడగాల్సినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళని అడిగి, కాగితం చేతిలో పెట్టుకుని కట్టండి.

ఎందుకో లెక్క చూడండి. కుర్చీలో మనిషి తనంతట తాను ఎక్కాలంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు వాలు కావాలి. మన ఇళ్ళకి బేస్మెంటు రెండడుగులు వేసుకుంటాం. అంటే ర్యాంపు 24 అడుగులు. గుమ్మానికీ రోడ్డుకీ మధ్య మనకుండేది ఐదారడుగులు, ఆ తర్వాత కాలవ, ఆ తర్వాత రోడ్డు. చోటు లేదని పొట్టిగా, నిటారుగా కడితే తోసేవాళ్ళ చేతులు జారి కుర్చీ వెనక్కి దొర్లుతుంది. పొడుగ్గా కడితే పంచాయతీ జాగాలోకి పోతుంది. తగాదా మొదలయ్యేది ఇక్కడే.

"పక్కోడు అరుగు రోడ్డు మీదకి కట్టుకుంటే ఎవరూ అడగలేదు, మనం ర్యాంపు కడితే అడుగుతారా?" అంటారు. నిజమే, కట్టేటప్పుడు అడగరు. సిమెంటు రోడ్డో, డ్రైనేజీయో వచ్చిన రోజు జేసీబీ రెండూ తీసేస్తుంది. పక్కోడికి పోయేది కూర్చునే అరుగు. మీ ఇంట్లో మనిషికి పోయేది బయటి ప్రపంచం. మళ్ళీ నలుగురు మోసుకెళ్తే తప్ప గడప దాటలేడు. అందుకే మిగతావాళ్ళకంటే మనకే కాగితం ఎక్కువ అవసరం.

ఇక ఎవరెవర్ని అడగాలి?

మొదట ఆ మనిషిని. చాలా ఇళ్ళల్లో అడగరు. చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుంది, కుడిచెయ్యి బలమా ఎడమా, బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ ఎటు కావాలి, ఇవి తనకే తెలుసు. కుర్చీ వెడల్పు సుమారు 25 నుంచి 27 అంగుళాలు. మన బాత్రూం తలుపులు చాలావరకు రెండడుగులే. మూడడుగుల తలుపు ఉండాలి, లోపల కుర్చీ తిరగడానికి ఐదడుగుల చోటు ఉండాలి. కుర్చీలో కూర్చోబెట్టి కొలవండి, తర్వాత గీయండి.

రెండు, ఇంట్లో పెద్దవాళ్ళని. గడప తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. పసుపు రాసి బొట్టు పెట్టే గడప అది, ఆమె బాధని కొట్టిపారేయొద్దు. గడపకి రెండువైపులా వాలుగా చెక్క వేస్తే గడప ఉంటుంది, కుర్చీ దాటుతుంది. ఇల్లు నాన్న పేరు మీద ఉండి అన్నదమ్ములు పంచుకోకపోతే వాళ్ళ మాట కూడా తీసుకోండి. అద్దె ఇల్లయితే యజమాని దగ్గర రాతలో తీసుకోండి.

మూడు, పక్కింటివాళ్ళని. ఉమ్మడి గోడలో తలుపు వెడల్పు చేస్తున్నా, ర్యాంపు మీద వాన నీళ్ళు వాళ్ళ వాకిట్లోకి పోయేలా ఉన్నా ముందే చెప్పాలి. గట్టు తగాదా ఎన్నేళ్ళు నడుస్తుందో రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. గోడ కోసే ముందు పైన బరువు దేనిమీద ఆగిందో తెలిసిన మేస్త్రికి చూపించండి.

నాలుగు, పంచాయతీని. ఇంటి నంబరు, ర్యాంపు పొడవు వెడల్పు, చేత్తో గీసిన చిన్న ప్లాను, సదరం సర్టిఫికెట్టు కాపీ, పక్కింటివాళ్ళ సంతకం పెట్టి అర్జీ రాయండి. రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆంధ్రలో అయితే సచివాలయంలో, తెలంగాణలో అయితే పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. ఇంటి ముందు ఆర్ అండ్ బి రోడ్డు ఉంటే పంచాయతీ మాట చాలదు, ఆ శాఖని కూడా అడగాలి. సర్పంచ్ నోటిమాట మీద కట్టకండి. ఎలక్షన్లో సర్పంచ్ మారితే ఆ మాట కూడా మారుతుంది.

రోడ్డు జాగా ఎవరికీ సొంతం కాదు, అది ఒప్పుకోవాలి. కాబట్టి ముందు మన జాగాలోనే దారి వెతకండి. గోడ పక్కనుంచి తిప్పొచ్చు, మధ్యలో మలుపు దగ్గర ఐదడుగుల చదును వదిలితే సరిపోతుంది. పెరటివైపు నుంచి తేవచ్చు. తప్పకపోతే కాలవ మీద వరకు తీసిపెట్టే ఇనప రేకు వేసుకోవచ్చు. అలా అడిగితే ఆఫీసు కూడా కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

ఇప్పుడు రెండో వైపు. అడగమని మీకు చెప్పే హక్కు నాకుంటే, అడిగినవాళ్ళని తిప్పొద్దని సర్పంచులకి, వార్డు మెంబర్లకి చెప్పే హక్కు కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వాళ్ళకి తగిన వెసులుబాటు కల్పించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. ప్రజలు వచ్చే భవనాలు వాళ్ళకి అందుబాటులో ఉండాలంది. ఇలాంటి అర్జీకి ఒక్క పూట చాలు: వచ్చి చూసి, టేపు పట్టి, ఇంతవరకు కట్టుకో అని రాసివ్వడమే. నెలలు తిప్పితే జనం అడగడం మానేసి రాత్రికి రాత్రి సిమెంటు పోస్తారు. ఆ తప్పు వాళ్ళది అనడానికి లేదు. అర్జీ పట్టించుకోకపోతే గ్రామసభలో లేచి అడగండి. అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాయండి, ఆ పదవి ఉన్నదే అందుకు.

మన ఊరి పంచాయతీ ఆఫీసుకి ర్యాంపు ఉందో లేదో, ఉంటే కుర్చీ ఎక్కేంత వాలుగా ఉందో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. ఉన్న ర్యాంపు మీద బైకులు పెట్టి ఉంటే తీయించండి. మీ వీధిలో ఎవరైనా గుమ్మం దాటలేక లోపలే ఉండిపోతుంటే, వాళ్ళింటికి టేపు పట్టుకుని వెళ్ళండి. అర్జీ రాసే చెయ్యి వాళ్ళింట్లో లేకపోతే మీరు రాసిపెట్టండి.