యదృచ్ఛాశబ్దములు - కల్పితభాషానామములు

శబ్దప్రవృత్తి నాలుగు విధములని చెప్పిన పతంజలి, జాతి గుణ క్రియాశబ్దముల సరసన యదృచ్ఛాశబ్దములకును స్థానము కల్పించెను. శాస్త్రగ్రంథములందు ప్రసిద్ధమైన ‘డిత్థ’ నామము ఇట్టిది. పేరిడువాని సంకల్పమే దీనికి ఆధారము. అభిమానులు కల్పితభాషలనుండి గ్రహించు పేర్లను పరిశీలించుటకు ఈ విభాగము నేటికిని ఉపకరించును.

ఆంగ్లరచయిత టోల్కీన్ 1954-55లో ప్రకటించిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో ఆర్వెన్ అను రాకుమారి కలదు. ఆయన సృజించిన సిండరిన్ భాషలో ఆ పేరునకు ‘ఉదాత్తకన్య’ యని అర్థము. ఆ భాష ధ్వనులకు వెల్ష్ భాష ఆదర్శము. అభిమానులు కొందరు తమ పేర్ల వ్యుత్పత్తిని వెదకి, ఆ అర్థమును కల్పితభాషలోనికి మార్చుకొందురు. అప్పుడు పీటర్ ‘శిల’ యగును. ఇది యోగమును పట్టి రూఢిని విడుచుటయే. పద్మను కమలా యని పిలిచిన ఆమె పలుకదు గదా!

మరికొందరు తమ కుమార్తెకు ఆర్వెన్ అనియే పేరిడుదురు. 2011లో ప్రారంభమైన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ధారావాహికలోని దోత్రాకీ భాషలో రాజపత్నీవాచకమగు ‘ఖలీసీ’యు అమెరికాలో బాలికల పేరైనది. మన రాజు, రాణి అను పేర్లును ఇట్లు పదవీవాచకములనుండి వచ్చినవే. శిశువు ఆ పిలుపునకు తిరిగి చూచినంతనే కల్పితనామము నిజనామమగును. కావున వీనిని హాస్యాస్పదములని త్రోసిపుచ్చక, నామవిజ్ఞానమున చేర్చి పరిశీలించుట యుక్తము.