పిల్లల అడుగులకు తగిన వేగం

1974లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఆర్కిటెక్చర్ బోధించే ఎర్నో రూబిక్ అనే అధ్యాపకుడు ఒక రంగుల ఘనాన్ని తయారు చేశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పేసరికి రంగులన్నీ కలగాపులగమయ్యాయి. వాటిని మళ్లీ యథాస్థానానికి చేర్చడానికి ఆయనకే నెల రోజులకు పైగా పట్టింది. సృష్టించినవాడే తన సృష్టి ముందు విద్యార్థిగా కూర్చోవలసి వచ్చింది. ఈ రోజు అదే రూబిక్స్ క్యూబ్‌ను నిమిషంలో సాల్వ్ చేయలేదని మనం మన పిల్లల్ని చులకన చేస్తున్నాం.

మా సంఘంలోని ఒక కుటుంబంలో జరిగిన సంగతి ఇది. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి తన పాత, బిగుసుకుపోయిన క్యూబ్‌ను ఒకటిన్నర నిమిషంలో పూర్తి చేసేవాడు. బెంగళూరులో పనిచేసే మేనమామ పండక్కి వస్తూ వాడికి కొత్త స్పీడ్ క్యూబ్ తెచ్చాడు. వారం తిరిగినా రెండు నిమిషాలకు తక్కువ పట్టడం లేదు. ‘‘ఇంత డబ్బు పెట్టి కొన్నది ఇందుకా? పాతదే నయం కదరా’’ అన్నాడు తండ్రి నలుగురిలో. అబ్బాయి మారు మాట్లాడకుండా కొత్త క్యూబ్‌ను డబ్బాలో పెట్టేశాడు. దాన్ని మళ్లీ బయటికి తీయలేదు.

మంచి వస్తువు చేతికొచ్చాక వేగం తగ్గడమేమిటని తండ్రికి అనిపించడం సహజమే. కానీ దానికి కారణముంది. పాత క్యూబ్ తిరగాలంటే మణికట్టు బలమంతా వాడాలి. స్పీడ్ క్యూబ్ వేలికొస తగిలితే చాలు, తిరుగుతుంది. అలవాటైన బలంతో నెడితే వరుస ఆగాల్సిన చోట ఆగకుండా దాటిపోతుంది. లోపలి స్క్రూలు, స్ప్రింగుల బిగువు మరీ వదులుగా ఉంటే మూలముక్క తన చోటనే మెలి తిరుగుతుంది. ఆ ముక్కను తిరిగి సరిచేస్తే తప్ప ఎంతటివాడికీ రంగులు కుదరవు. అందుకే తెలిసినవారు కొత్త క్యూబ్ పట్టినవాడికి ముందుగా గడియారం పక్కన పెట్టమంటారు. బిగువు తన చేతికి తగ్గట్టు సరిచూసుకోవాలి, మెల్లగా తిప్పాలి, ఒక ముక్కను చేరుస్తూనే తర్వాతి ముక్క ఎక్కడుందో చూడాలి. వేగం ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

ఈ మాట ఎమ్మిగనూరు వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ల సహకార సంఘాన్ని నెలకొల్పిన ఊరు అది. కొత్త మగ్గం ఎక్కిన నేతగాడు మొదటి రోజే పాత వేగంతో నేయలేడు. పడుగు బిగువు కుదరాలి, కాలికీ చేతికీ లంకె కుదరాలి. అప్పటిదాకా పోగులు తెగుతాయి. తెగిన పోగును అతుక్కుని మళ్లీ నేస్తాడు. పోగు తెగిందని అతనికి నేత రాదని ఎవరంటారు?

సౌలు రాజు తన యుద్ధకవచాన్ని దావీదుకు తొడిగాడు. దావీదు అవి తనకు వాడుక లేవని చెప్పి తీసేశాడు (1 సమూయేలు 17:38–39). అక్కడ లేనిది ధైర్యం కాదు, అలవాటు. ఆ తేడా తెలియనివాళ్లు అతణ్ణి పిరికివాడనుకునేవారు. మన ఇళ్లలోనూ అలవాటు కుదరని పిల్లల మీద తెలివిలేనివారన్న ముద్ర ఇలాగే పడుతోంది.

‘‘ఇది పోటీ ప్రపంచం పాస్టర్‌గారూ, మెల్లగా నడిచేవాడి కోసం ఎవరూ ఆగరు’’ అని కొందరంటారు. అయితే ఆ పోటీల నియమమే చూద్దాం. ప్రపంచ క్యూబ్ సంఘం పోటీల్లో సాధారణ క్యూబ్‌కు సగటు లెక్కించేటప్పుడు ఐదు ప్రయత్నాలిస్తారు. వాటిలో అన్నిటికంటే మంచిదాన్నీ, అన్నిటికంటే చెడ్డదాన్నీ వదిలేసి మిగిలిన మూడింటి సగటు తీస్తారు. సెకన్లో నూరో వంతును కూడా లెక్కపెట్టేవాళ్లే ఒక్క చెడ్డ ప్రయత్నంతో మనిషిని కొలవడం లేదు. కన్న తల్లిదండ్రులం మనం కొలవవచ్చా?

అమెరికాకు చెందిన మ్యాక్స్ పార్క్ 2023లో 3.13 సెకన్లలో క్యూబ్ సాల్వ్ చేసి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ యువకుడికి ఆటిజం ఉంది. చిన్నతనంలో వేళ్లతో చేసే చిన్న పనులు కూడా అతనికి కష్టమయ్యేవి. ఆ వేళ్లకు సాధన కోసమే తల్లిదండ్రులు క్యూబ్‌ను ప్రోత్సహించారు. వాళ్లు రికార్డు కోసం మొదలుపెట్టలేదు, బిడ్డ కోసం మొదలుపెట్టారు.

ఒక్క క్యూబ్ డబ్బాలోకి వెళ్తే పెద్ద నష్టమేమీ లేదు. కానీ ఇదే తీర్పుతో మన ప్రాంతంలో పిల్లలే బడికి దూరమవుతున్నారు. వానలు మొహం చాటేసిన ఏడు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికని కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తాయి, పిల్లలూ వెంట వెళ్తారు. నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడికి తరగతిలో అంతా కొత్తే. పాఠం ముందుకెళ్లిపోయి ఉంటుంది, చేతికి పెన్ను కుదరదు. ఆ మొదటి వారాల్లో పెద్దవాళ్ల నోట ‘‘వీడికి చదువు రాదులే’’ అన్న మాట వస్తే వాడు రెండోసారి బడి గడప తొక్కడు. మరుసటేడు వాడి పేరు కూలీల లెక్కలోకి చేరుతుంది.

యాకోబును చూడండి. ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చి, కలిసి ప్రయాణం చేద్దామన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లనీ, పాలిచ్చే మందలను ఒక్క రోజు వడిగా తోలినా చచ్చిపోతాయనీ చెప్పాడు. నువ్వు ముందు వెళ్లు, నేను పిల్లలు నడవగలిగినంత మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండము 33:13–14). బలవంతుడైన అన్న ముందు తన నడక తక్కువగా కనిపిస్తుందని అతడు సిగ్గుపడలేదు. గమ్యం ఎంత ముఖ్యమో, పిల్లలంతా ప్రాణాలతో చేరడం అంతే ముఖ్యమని అతనికి తెలుసు.

మన సంఘాలు ఈ విషయంలో ఇంటికి, బడికి దారి చూపాలి. సండే స్కూల్లో ముందు చెయ్యెత్తినవాడికే బహుమతి అనే పద్ధతి మానుకుందాం. వాక్యం కంఠతకు గడియారం పెట్టడం ఆపుదాం. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లలకు సాయంత్రం పూట మందిరంలో ఒక దీపం, ఒక చాప, చదువు చెప్పే ఒక యౌవనస్థుణ్ణి ఏర్పాటు చేద్దాం. కనీసం మొదటి నెలంతా మార్కుల మాట ఎత్తకుండా ఉందాం. పాస్టర్లు, పెద్దలు తలచుకుంటే దీనికి పెద్ద ఖర్చు కాదు.

ఆ అబ్బాయి తండ్రికీ నేను చెప్పింది ఇదే. డబ్బాలోంచి ఆ క్యూబ్‌ను మీరే తీసి వాడి చేతిలో పెట్టండి. గడియారం చూడకుండా పక్కన కూర్చోండి.