ముద్దాయి వకీలుకు పాఠం చెప్పేదెవరు?

సాగర్ రోడ్డు మీద వెంచర్ల బోర్డులు చదువుకుంటూ ఇబ్రహీంపట్నం చేరితే చాలు, అక్కడి కోర్టులో క్రిమినల్ కేసులు ఏ తరహావో చాలావరకు తెలిసిపోతుంది. దొంగ జీపీఏ, ఒకే ప్లాటుకు ఇద్దరు ఓనర్లు, రాత్రికి రాత్రి కూలిన ప్రహరీ, తెల్లారి స్టేషన్లో బెదిరింపు ఫిర్యాదు. భూమి రేటు పెరిగిన ప్రతిచోటా సివిల్ తగాదా క్రిమినల్ కేసుగా మారడం మామూలే. ఆ తగాదా ఎంత దూరం పోగలదో 2022 మార్చి 1న కర్ణంగూడ దగ్గర ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులను కాల్చి చంపినప్పుడు రాష్ట్రమంతా చూసింది.

అంత పెద్ద కేసు అక్కర్లేదు, మామూలు దొంగ దస్తావేజు కేసునే తీసుకుందాం. పాత లెక్కలో అది ఐపీసీ 420, 467, 468, 471. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318(4), 338, 336(3), 340(2). ఈ అంకెల మార్పు గురించి వకీళ్లు మొదట్లో చాలా గొడవపడ్డారు కానీ, నిజానికి అది పెద్ద కష్టం కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 'సంకలన్' యాప్‌లో పాత సెక్షన్ కొడితే కొత్తది వస్తుంది. ముప్పు అంకెల్లో లేదు, గడువుల్లో ఉంది. మెజిస్ట్రేట్ కోర్టులో నడిచే వారంట్ కేసులో డిశ్చార్జ్ పిటిషన్‌కు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో గడువంటూ లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 262వ సెక్షన్ దానికి 60 రోజుల గడువు పెట్టింది. ఛార్జిషీట్ నకళ్లు ముద్దాయి చేతికి అందిన రోజు నుంచే లెక్క మొదలు. సెషన్స్ కేసులకు 250వ సెక్షన్ కింద కేసు కమిట్ అయిన రోజు నుంచి 60 రోజులు. "వచ్చే వాయిదాకు చూద్దాం లే" అనే పాత అలవాటుకు ఇక్కడ చోటు లేదు. గడువు దాటాక కోర్టు వింటుందా, వినదా అన్నది మళ్లీ వేరే వాదన. దాని ఖర్చూ ముద్దాయిదే.

ఇంకో చిక్కు ఉంది. 2023లో పుట్టిన దొంగ దస్తావేజు మీద 2025లో ఫిర్యాదు వస్తే నేరం, శిక్ష పాత ఐపీసీ ప్రకారం. దర్యాప్తు, రిమాండ్, బెయిల్, విచారణ కొత్త సురక్షా సంహిత ప్రకారం. సాక్ష్యం కొత్త భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం. అదే కేసులో ఎఫ్‌ఐఆర్ కొత్త చట్టాలు అమల్లోకి రాకముందే, 2024 జూన్‌లోనే నమోదై దర్యాప్తు సాగుతూ ఉంటే మూడూ పాతవే. అంటే ఇవాళ కోర్టుకు పోయే వకీలు చేతిలో మూడు కాదు, ఆరు చట్టాలు ఉండాలి. ఏ కేసుకు ఏ మూడు వర్తిస్తాయో ఫైలు తెరవగానే తేల్చుకోవాలి. ఇంకొన్నేళ్లు ఇలాగే ఉంటుంది.

ఈ మార్పుకు రాజ్యం తన మనుషులను సిద్ధం చేసుకుంది. పోలీసులకు హిమాయత్‌సాగర్‌లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పోలీస్ అకాడమీ ఉంది, రామంతాపూర్‌లో కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఉంది. జడ్జీలకు సికింద్రాబాద్‌లో జ్యుడీషియల్ అకాడమీ, ఆపైన భోపాల్‌లో జాతీయ అకాడమీ. ప్రాసిక్యూటర్లకూ తరగతులు పెట్టారు. సోదా, జప్తు వీడియో తీయడానికి దర్యాప్తు అధికారి ఫోన్లో 'ఈ-సాక్ష్య' యాప్ పెట్టి, వాడే పద్ధతి నేర్పారు. ఇవన్నీ డ్యూటీలో భాగం, జీతంతో సహా. అదే కోర్టు హాల్లో నాలుగో కుర్చీలో కూర్చునే మనిషి, అంటే ముద్దాయి తరఫు వకీలు, ఎక్కడ నేర్చుకున్నాడు? వాట్సాప్‌లో తిరిగిన పీడీఎఫ్‌లోనో, సీనియర్ చెప్పిన నాలుగు ముక్కల్లోనో, మరీ చొరవ ఉంటే ఆదివారం హైదరాబాద్ వెళ్లి విన్న సెమినార్లోనో. ఆ సెమినార్లో సగం సేపు శాలువాలకు, స్వాగతోపన్యాసాలకు పోతుందని వెళ్లినవాళ్లందరికీ తెలుసు.

ఇది కొత్తగా వచ్చిన లోటేమీ కాదు. 1961 అడ్వకేట్స్ చట్టంలో నమోదుకు ముందు శిక్షణ, పరీక్ష రెండూ ఉండేవి. 1973 సవరణతో ఆ నిబంధన తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది శిక్షణను తప్పనిసరి చేస్తూ రూల్స్ తెచ్చింది. ఆ అధికారం కౌన్సిల్‌కు చట్టం ఇవ్వలేదని 1999లో వి.సుధీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఆఖరికి 2011 నుంచి ఆలిండియా బార్ పరీక్ష వచ్చింది. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. మూల చట్టాల పుస్తకాలు పక్కన పెట్టుకుని రాసే పరీక్ష అది. ఒక్కసారి గట్టెక్కితే ఇక ముప్పై నలభై ఏళ్లు మళ్లీ ఏదైనా చదివావా అని అడిగే నాథుడు లేడు. వైద్యుల విషయంలో కనీసం కాగితం మీదైనా ఐదేళ్లకు 30 గంటల నిరంతర విద్య అనే నియమం 2002 నుంచి ఉంది. మనిషి ఒంటికి ఉన్న జాగ్రత్త మనిషి స్వేచ్ఛకు లేకపోవడం విడ్డూరమే.

సొంతంగా చదువుకుని మహా న్యాయవాదులైనవాళ్లు లేరా అంటే ఉన్నారు. బాలగోపాల్ గణితం చదివి, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి, నలభై దాటాక నల్లకోటు వేసుకుని హైకోర్టులో పేదల పక్షాన నిలబడ్డారు. కానీ అలాంటివాళ్లను చూపించి వ్యవస్థ నడుస్తోందనడం కుదరదు. జిల్లాకో బాలగోపాల్ పుట్టడు.

చదవకపోతే ఏమవుతుందో చెప్పే తీర్పు ఒకటి ఉంది. 2012లో ఢిల్లీ ఛావ్లా ప్రాంతంలో యువతిని అపహరించి చంపిన కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడింది, ఢిల్లీ హైకోర్టు ఖాయం చేసింది. 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు ముగ్గురినీ విడుదల చేసింది. ప్రాసిక్యూషన్ 49 మంది సాక్షులను ప్రవేశపెడితే వారిలో 10 మంది ముఖ్య సాక్షులను డిఫెన్స్ అసలు క్రాసే చేయలేదనీ, చాలామందిని అరకొరగా చేసి వదిలేసిందనీ కోర్టు రాసింది. డీఎన్‌ఏ నివేదిక ఎగ్జిబిట్ అయింది గానీ, అది ఏ పద్ధతిలో, ఎంత నమ్మకంగా తేలిందో కింది కోర్టులు పరీక్షించలేదని కూడా తప్పుపట్టింది. ముద్దాయిలు నిర్దోషులో కాదో మనకు తెలియదు. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులకు న్యాయం దొరకలేదన్నది మాత్రం తెలుసు. చేతకాని డిఫెన్స్ బాధితులకు కూడా నష్టమే. క్రాస్‌లో తేలాల్సిన నిజం క్రాస్‌లోనే తేలాలి, పదేళ్ల తర్వాత ఢిల్లీలో కాదు.

పేరు కలిసిన మరో ఊరు, అప్పటి కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నం, తెలుగువాళ్లకు ఇదే సంగతి ఇంకో వైపు నుంచి చూపించింది. 2007 డిసెంబర్ 27న అక్కడి హాస్టల్లో విద్యార్థిని హత్య, 2008లో ఓ యువకుడి అరెస్టు, 2010 సెప్టెంబర్‌లో విజయవాడ కోర్టు శిక్ష, 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టులో విడుదల. ఆ యువకుడికి లక్ష రూపాయలు ఇవ్వమని కూడా హైకోర్టు చెప్పింది. అప్పీలు గెలిచేసరికి ఆ యువకుడి ఇరవైల వయసు జైల్లో గడిచిపోయింది. పై కోర్టు చూసేది కింది కోర్టులో తయారైన రికార్డునే కాబట్టి, ట్రయల్‌లో డిఫెన్స్ అడగని ప్రశ్న అప్పీల్లో పుట్టుకురాదు.

ఇప్పుడు సైన్సు ఇంకా దగ్గరకు వచ్చింది. ఏడేళ్లు, అంతకు పైబడి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలని సురక్షా సంహిత 176(3) చెబుతోంది. అదే సంహితలో 329వ సెక్షన్, పాత 293కు వారసురాలు, ప్రభుత్వ నిపుణుడి నివేదికను ఆయన్ను బోను ఎక్కించకుండానే సాక్ష్యంగా తీసుకోనిస్తుంది. నిపుణుణ్ణి పిలిపించమని డిఫెన్స్ అడగాలి. అడగాలంటే రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదికలో ఏది కొరవడిందో కనిపెట్టగలగాలి. ఫోన్ రికార్డు, సీసీ కెమెరా దృశ్యం అయితే సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్‌లో రెండు భాగాలు ఉన్నాయా, నిపుణుడి సంతకం ఉందా, ఫైలు మారలేదని తేల్చే హ్యాష్ విలువ రాశారా అని చూడాలి. ఈ హ్యాష్ విలువ ఏమిటో న్యాయ కళాశాలలో చదివి వచ్చిన వకీలు నూటికి ఎంతమంది ఉంటారు? నిందితుడికి సొంతంగా పరీక్ష చేయించుకునే దారి హైదరాబాద్‌లో ట్రూత్ ల్యాబ్స్ లాంటి ప్రైవేటు సంస్థల రూపంలో ఉంది. ఆటో నడిపి బతికే ముద్దాయికి ఆ ఫీజు ఎక్కడిది?

తీర్పుల వేగం కూడా తక్కువేమీ కాదు. అరెస్టు కారణాలను రాతపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అది రిమాండ్‌కు హాజరుపరిచేందుకు కనీసం రెండు గంటల ముందైనా అందాలని 2025 నవంబర్‌లో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రంగారెడ్డి జిల్లా ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీలు ఉన్నారు, ఆదిబట్ల చుట్టుపక్కల భవనాలు కడుతున్నది బిహార్, ఉత్తరప్రదేశ్ మేస్త్రీలు. వాళ్లలో ఒకణ్ణి సాయంత్రం మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడు "కాగితం ఏ భాషలో ఇచ్చారు?" అని అడగాల్సింది వకీలే. ఆ తీర్పు వచ్చిన సంగతి తెలియనివాడు అడగడు. రిమాండ్ పడిపోతుంది. పైగా పాత లెక్కలో మొదటి 15 రోజులు దాటితే పోలీసు కస్టడీ భయం ఉండేది కాదు, ఇప్పుడు సురక్షా సంహిత 187వ సెక్షన్ కింద ఆ 15 రోజులనూ మొదటి 40 లేదా 60 రోజుల్లో ముక్కలు ముక్కలుగా అడగొచ్చు. బెయిల్ ఎప్పుడు, ఎలా అడగాలన్న వ్యూహమే మారిపోయింది.

ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇచ్చే చోట కొంత మెరుగుదల ఉంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022 పథకంతో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థలో చీఫ్‌కు పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు, కనీసం 30 సెషన్స్ ట్రయళ్లు చేసిన అనుభవం కావాలి. అంతకుముందే 2019లో అనోఖీలాల్ తీర్పు ఉరి, యావజ్జీవ కేసుల్లో కోర్టు నియమించే వకీలుకు పదేళ్ల అనుభవం, సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజుల సమయం ఉండాలంది. అయితే ఇవన్నీ అనుభవాన్ని కొలిచే కొలతలు. పదేళ్లు ఒకే తప్పు చేసినా పదేళ్ల అనుభవమే. పైగా ఈ వ్యవస్థ బలమంతా జిల్లా కేంద్రాల్లో. రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది ఎల్బీనగర్ కోర్టుల ప్రాంగణంలో. మండల స్థాయి కోర్టులో ముద్దాయికి దొరికేది ఎక్కువగా తోచిన ఫీజుకు ఒప్పుకున్న స్థానిక వకీలే.

మరి విదేశాల్లా గంటలు తప్పనిసరి చేద్దామా? అమెరికాలో మిన్నెసోటా 1975లోనే మొదలుపెట్టింది, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. ఫిలిప్పీన్స్‌లో మూడేళ్లకు 36 గంటలు. ఇంగ్లండ్ మాత్రం సొలిసిటర్లకు ఏడాదికి 16 గంటల నియమాన్ని 2016 నవంబర్‌లో ఎత్తేసింది. గంటలు లెక్కపెట్టడం వేరు, సామర్థ్యం వేరు అని అక్కడి నియంత్రణ సంస్థ గ్రహించింది. మన దగ్గర ముందే గంటల నియమం పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సర్టిఫికెట్ల దుకాణాలు వారంలో వెలుస్తాయి. సంతకం పెట్టి టిఫిన్ చేసి వెళ్లిపోతారు. ఖర్చు భరించలేని జూనియర్ మాత్రం నలిగిపోతాడు. పల్లె ప్రాంతాల జూనియర్‌కు నెలకు కనీసం 15 వేలు ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. ఆ సూచన ఎంతమంది సీనియర్ల చెవికెక్కిందో జూనియర్లనే అడగాలి.

కాబట్టి మొదట తరగతి రావాలి, హాజరు పట్టీ తర్వాత. తరగతి కూడా సర్కారు ఖర్చుతో కేసు తీసుకునేవాళ్లతో మొదలుపెట్టాలి. లీగల్ ఎయిడ్ ప్యానెల్లో పేరు ఉండాలంటే ఏటా రెండు మూడు ట్రయల్ వర్క్‌షాపులు చేసి ఉండాలన్న షరతు పెట్టడం న్యాయ సేవాధికార సంస్థ చేతిలోనే ఉంది. దానికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు. ఉపన్యాసం కాకుండా, ఇబ్రహీంపట్నంలో ముగిసిన ఓ పాత ఫోర్జరీ ఫైలు పేర్లు చెరిపి ముందు పెట్టుకుని, తెలుగులో, సాక్షిని క్రాస్ చేయించి తప్పులు చూపించే వర్క్‌షాపు కావాలి. సాక్షి తెలుగులో చెబుతాడు, పంచనామా తెలుగులో ఉంటుంది, మరి శిక్షణ ఇంగ్లిషులో ఎందుకు? జ్యుడీషియల్ అకాడమీలో జడ్జీలకు చెప్పిన పాఠాల్లో ఫోరెన్సిక్, డిజిటల్ సాక్ష్యం భాగాలను బార్‌కూ ఇవ్వడానికి అభ్యంతరం ఏముంటుంది? పోలీసులకు పాఠం చెప్పే ఫోరెన్సిక్ నిపుణుడు ఏడాదికో శనివారం సాగర్ రోడ్డు పట్టుకుని సుమారు 30 కిలోమీటర్లు వచ్చి వకీళ్లకూ చెబితే ల్యాబ్ నిష్పాక్షికతకు వచ్చే నష్టమేమీ లేదు. ఖర్చు సంగతికొస్తే, రాష్ట్రం ఏర్పడిన కొత్తలో న్యాయవాదుల సంక్షేమానికి ప్రభుత్వం 100 కోట్ల రూపాయల నిధి పెట్టింది. దాని మీద వచ్చే వడ్డీలో చిన్న భాగం మండల కోర్టుల శిక్షణకు కేటాయించమని బార్ అసోసియేషన్లు అడగవచ్చు. ఇంతవరకు ఇన్సూరెన్సు గురించి, వైద్య సాయం గురించి ధర్నాలు చేశారు. అవీ న్యాయమైనవే. ఈసారి వినతిపత్రంలో శిక్షణ అనే మాట కూడా చేరిస్తే ప్రభుత్వం కాదనడానికి కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.