రెండు గేదెల సగటు

మన సాఫ్టువేరు జనాల్లో ఈ పాడి పిచ్చి బాగా ముదిరింది. ప్రతి టీములోనూ ఒకడుంటాడు, "ఇంకో రెండేళ్ళు చూసి ఊరెళ్ళి డైరీ పెట్టేస్తా గురూ" అనేవాడు. మంచిదే. వాడి లాప్‌టాప్‌లో ఓ ఎక్సెల్ షీటు కూడా ఉంటుంది. గేదెకి రోజుకి 10 లీటర్లు, ఏడాదికో ఈత, పుట్టే దూడల్లో సగం పెయ్యలు, నాలుగైదేళ్ళకి మంద రెట్టింపు. షీటులో ఎక్కడా ఎర్రంకె కనబడదు.

ఆ అంకెలన్నీ సగటులే. కానీ సగటు పాలివ్వదు కదా, గేదె ఇవ్వాలి.

ముందు "ఏడాదికో ఈత" సంగతి చూద్దాం. గేదె దాదాపు 310 రోజులు మోస్తుంది. ఏడాదికి 365 రోజులు. అంటే ఈనిన 55 రోజుల్లోపు అది మళ్ళీ చూడి కట్టాలన్నమాట. ఎద వచ్చేది సుమారు 21 రోజులకోసారి. పైగా గేదెల్లో మూగ ఎద ఎక్కువ, ముఖ్యంగా ఎండాకాలంలో. అరవదు, గోల చెయ్యదు, మనం కనిపెట్టేలోపు ఆ రోజు కాస్తా దాటిపోతుంది.

సరే, ఎద కనిపెట్టాం, గోపాలమిత్రని పిలిపించి సూది వేయించాం. చూడి కట్టే అవకాశం ఎంత? లెక్క కోసం నూటికి 35 అనుకుందాం, మన పల్లెల్లో సాధారణంగా చెప్పుకునే అంకె ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంటే తప్పే అవకాశం 0.65. వరసగా మూడుసార్లు తప్పే అవకాశం 0.65 × 0.65 × 0.65, సుమారు 0.27. ఇంటర్మీడియెట్‌లో నాణేలతో, పాచికలతో చేసిన లెక్కే ఇది. నాణెం బొమ్మ పడకపోతే ఎవరికీ ఏమీ పోలేదు. ఇక్కడ మూడు సూదులు తప్పాయని తేలేసరికి 63 రోజులు గడిచిపోతాయి. మేతకీ దాణాకీ రోజుకి 200 చొప్పున వేసుకున్నా 12,600 రూపాయలు.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. 50 గేదెలున్న డైరీ తీసుకోండి. మూడు సూదుల తర్వాత కూడా నిలవనివి సగటున 14. ప్రామాణిక విచలనం 3 చిల్లర. అంటే దాదాపు ఎప్పుడూ 7కీ 20కీ మధ్యే ఉంటాయి. యజమానికి చిరాకే గానీ, ముందే ఊహించగలడు, దానికి తగ్గట్టు డబ్బు పక్కన పెట్టుకోగలడు.

ఇప్పుడు రెండు గేదెలున్న ఇల్లు తీసుకోండి. రెండూ నిలిచే అవకాశం 0.73 × 0.73, అంటే 0.53. మిగిలిన 47 శాతం ఇళ్ళల్లో కనీసం ఒక గేదె ఖాళీగా ఉంటుంది. దాదాపు సగం ఇళ్ళు! వందలో ఏడెనిమిది ఇళ్ళల్లో రెండూ ఖాళీయే. ఆ ఇంట్లో "సగటున 27 శాతం" అనేదే ఉండదు. సున్నా, సగం, లేదా మొత్తం. రెండూ వట్టిపోయిన ఇంటికి బ్యాంకు వాయిదా మాత్రం ఠంచనుగా వస్తుంది.

నా గొడవంతా ఇక్కడే. మనం పథకాలు, అప్పులు, "యూనిట్లు" అన్నీ సగటు మీద తయారు చేస్తాం. సగటు రాష్ట్రానికి పనికొస్తుంది, పాల ఫ్యాక్టరీకి పనికొస్తుంది. రెండు గేదెల మీద పిల్లల ఫీజులు కట్టే ఆవిడకి కావలసింది విస్తరణ. అంటే ఎంత చెడొచ్చు, ఎంత తరచుగా చెడొచ్చు అనేది. ఆ లెక్క ఆవిడకి ఎవరూ చెప్పరు. గేదె నిలవకపోతే "నీ గ్రహచారం" అంటారు, లేకపోతే "నీకు పెంచడం రాదు" అంటారు. నూటికి 47 ఇళ్ళల్లో జరిగేదాన్ని గ్రహచారం అనడమేమిటండీ?

2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకం గుర్తుందా? యూనిట్‌కి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మొదట్లో యూనిట్ ధర 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. ఆ పథకం మంచిచెడ్డల జోలికి నేను పోను, 20కి 1 అన్న అంకె మాత్రం చూడండి. మనవాళ్ళెవరైనా దాన్ని చూడగానే "సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్" అంటారు. గొర్రెలన్నిటి చూలూ ఒకే పొట్టేలు మీద ఆధారపడింది. అది పనికిరానిదైతే 20 ప్రయత్నాలూ కలిసే తప్పుతాయి. నలుగురి మందలు కలిపి మేపితే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది, అది వేరే సంగతి. అలా కలిపి మేపడానికి సంభావ్యత క్లాసు అక్కర్లేదు, కానీ అది ఎందుకు పని చేస్తుందో చెప్పేది ఆ క్లాసే.

మందలో ఒకదాని అదృష్టం ఇంకోదానితో ముడిపడి ఉంటే పై గుణకారాలన్నీ తప్పు. గాలికుంటు వస్తే ఒక గేదెకి వచ్చి ఆగదు. 2022లో లంపీ స్కిన్ రాజస్థాన్, గుజరాత్‌లలో పశువుల మీద పడ్డప్పుడు చూశాం. రెండు సర్వర్లు పెట్టి రెండిటికీ ఒకే కరెంటు తీగ ఇస్తే అది బ్యాకప్ అవుతుందా? ఒకే కొట్టంలో టీకా వెయ్యని రెండు గేదెలూ అంతే.

ఇంకో రెండు చిన్న సంగతులు, డైరీ పెట్టబోయే మిత్రుల కోసం.

ఒకటి, "మూడుసార్లు తప్పింది కాబట్టి ఈసారి ఖాయం" అనుకోకండి. అది పేకాట బుద్ధి. నూటికి 10 గేదెలకి గర్భకోశంలో ఏదో లోపం ఉండి అసలు నిలవవు అనుకుందాం. మూడుసార్లు తప్పిన గేదెల్ని మాత్రమే ఏరితే, వాటిలో లోపం ఉన్నవి నూటికి 29 అవుతాయి (బేయస్ సూత్రం, కావాలంటే మీరే వేసి చూడండి). కాబట్టి నాలుగో సూదికి ముందు పశువైద్యుడికి చూపించాలి.

రెండు, హర్యానా వెళ్ళి ముర్రా గేదెలు కొనేటప్పుడు. వంద గేదెల్లో ఆ పూట ఎక్కువ పాలిచ్చినదాన్ని ఏరుకుంటాం. ఆ పాలల్లో కొంత గేదె గొప్ప, కొంత ఆ పూట గొప్ప. మంద సగటు 10 లీటర్లు, మీరు కొన్నది 16 ఇచ్చింది, తేడాలో సగమే గేదె సొంతం అనుకుంటే ఇంటికొచ్చాక 13 ఆశించాలి. దారి బడలిక, కొత్త నీళ్ళు, కొత్త మేత దీనికి అదనం. ముందు పూట పిండకుండా పొదుగు నింపి చూపించే బేరగాళ్ళూ ఉంటారు, కాదనను. కానీ ఏ మోసం లేకపోయినా ఆ మూడు లీటర్లు తగ్గుతాయి.

ఇదంతా ఏదో కొత్త శాస్త్రం అనుకునేరు. ఈ శాస్త్రం పెరిగిందే పొలాల్లో, కొట్టాల్లో. ఫిషర్ 1919లో చేరింది రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో. అమెరికాలో అయోవాలో జే లష్ పశువుల ఎంపికని గణాంకాల మీద నిలబెట్టి 1937లో పుస్తకం రాశాడు. కొట్టంలో పెరిగిన లెక్కని మనం నగరానికి తెచ్చుకుని ప్రకటనలు ఎవరు క్లిక్కుతారో చూడ్డానికి వాడుతున్నాం. అసలు ఊరికి మాత్రం సగటు ఒక్కటే పంపిస్తున్నాం.

సెక్స్‌డ్ సెమెన్ వచ్చింది, పెయ్యలు నూటికి 90 దాకా పుడతాయి. సంతోషం. అయితే చూడి కట్టే అవకాశం మామూలు సూది కన్నా కాస్త తక్కువే ఉంటుంది. ఒక సంభావ్యత పెంచుకుని ఇంకోటి తగ్గించుకోవడం అన్నమాట. 50 గేదెల వాడికి అది లాభమే కావచ్చు. రెండు గేదెల ఇంటికి ఎవరైనా లెక్క వేశారా?

మందు కూడా పాతదే: కలపడం. 1946లో ఖేడా రైతులు పాలు కలిపారు. అలాగే నష్టాన్నీ కలపొచ్చు. మామూలు పశు బీమా ముఖ్యంగా చావుకి. నిలవని గేదెకి ఏమీ రాదు. ఊళ్ళో పాతిక ఇళ్ళు, 50 గేదెలు. నెలకింత అని వేసుకుని, మూడు సూదులు తప్పిన గేదె మేతకి అందులోంచి ఇస్తే ఆ పాతిక ఇళ్ళూ కలిసి ఒక 50 గేదెల డైరీ అంత నిబ్బరంగా ఉంటాయి. 14 గేదెలు, మహా అయితే 20. ఎవరికి పడుతుందో తెలీదు గానీ ఎన్నిటికి పడుతుందో తెలుసు.

ఉద్యోగం మానేసి డైరీ పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం. ఊళ్ళో అమ్మకో, పిన్నికో రెండు గేదెలుంటే మాత్రం, ఈసారి వెళ్ళినప్పుడు ఆ ఎక్సెల్ షీటు అక్కడ తెరవండి. ఆ ఊరికి ఈ లెక్క వేసిపెట్టేవాళ్ళు మనకన్నా దగ్గరగా ఎవరున్నారు చెప్పండి?